జావా క్లాసులో కుటుంబ న్యాయస్థానం

నా నిర్వాకం వల్ల ఒక విదేశీ న్యాయస్థానం అమీర్‌పేటలో జావా క్లాసుకు హాజరైంది. కోతలు కోస్తున్నాననుకుంటే మీ ఇష్టం. ఆ రోజు ఆ హాల్లో ఉన్న అరవై మందీ ఇప్పుడు తలో ఆఫీసులో పెద్ద హోదాల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరిని కదిపినా ముందు నవ్వుతారు, తరువాత నా అడ్రస్ అడుగుతారు. దయచేసి ఇవ్వకండి.

హైదరాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పేర్లే కనిపించే రోజులవి. నేను తెనాలి నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగి, మూడు నెలలు నెట్‌వర్కింగ్ కోర్సు చేశాను. ఆ మూడు నెలల్లో నాకు బాగా వంటబట్టింది ఒక్కటే, అన్నీ వచ్చినట్టు మాట్లాడటం. సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లు నమ్మలేదు. పంజాగుట్టలో లాయర్ వసుంధర గారు నమ్మారు.

ఆవిడ ఒక చిన్న న్యాయ సహాయ కేంద్రం నడిపేవారు. మనిషి ఇక్కడ, కేసు ఇంకో దేశంలో, ఆ రెంటి మధ్యా ఒక సముద్రం. అలాంటి వాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. విమానం ఎక్కలేని మనిషి మాట కూడా అవతలి దేశం కోర్టు దాకా చేరాలని రెండు ప్రభుత్వాలు కలిసి ఒక నిధి పెట్టాయి. అక్కడి వకీలు, ఇక్కడి అనువాదాలు, మా కేంద్రం అద్దె, అనువాదకుడి వేషంలో ఉన్న నేను, అందరం ఆ నిధి మీదే బతికేవాళ్లం.

ఆ వేసవిలో రహమత్ బీ కేసు వచ్చింది. ఆవిడ అమీర్‌పేట సందులో బట్టలు కుట్టేది. కూతురు నస్రీన్ యూరప్‌లో ఒక ఊళ్లో నర్సు. భర్త నుంచి విడిపోయింది, నాలుగేళ్ల పాప ఆయెషాను తీసుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటోంది. భర్త కోర్టులో అడ్డుచెప్పాడు. "ఈమె డ్యూటీకి పోతే హైదరాబాద్‌లో పిల్లను చూసే దిక్కు లేదు" అన్నాడు. "పిల్లను చూసే అమ్మమ్మను నేనే చూడాలి, వీడియోలో చూపించండి" అంది కోర్టు. మా కేంద్రానికి అలాంటిది అదే మొదటిసారి. సవ్యంగా జరిగితే వెనక ఉన్నవాళ్లందరికీ దారి. చెడితే అటు పాపా రాదు, ఇటు నిధి ఇచ్చేవాళ్లూ మొహం చాటేస్తారు.

"వీడియో సంగతి నీకు తెలుసా?" అని వసుంధర గారు అడిగారు.

"నాకు అది మంచినీళ్లు తాగినంత పని మేడమ్" అన్నాను. అప్పటికి కెమెరాకు ముందేదో వెనకేదో కూడా నాకు సరిగా తెలియదు.

మా ఆఫీసు ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరుచుకునేలోపు బట్టలు ఉతికి ఆరేసుకోవచ్చు. అందుకని అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడిపే నర్సింగ్ అన్న దగ్గర హాలు మాట్లాడాను. అక్కడ మంచి లైను, కెమెరా, గోడంత తెర ఉన్నాయి.

"ఎవరు మాట్లాడ్తరన్న?" అని అడిగాడు నర్సింగ్ అన్న.

కుటుంబ కేసు కదా, బయటకు చెప్పకూడదు. గొంతు తగ్గించి, "విదేశం నుంచి పెద్దవాళ్లు. చాలా ముఖ్యమైన విషయం. ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. కుర్రాళ్లంతా ఉద్యోగాల కోసం కాచుకుని ఉండే అమీర్‌పేటలో ఈ మూడు ముక్కలూ కలిపి చెబితే ఏమర్థం వస్తుందో ఆలోచించే తెలివి నాకెక్కడిది?

కోర్టువారి ఉత్తరంలో వాళ్ల టైం ప్రకారం ఉదయం పదింటికి అని ఉంది. నాలుగున్నర గంటల తేడా, అంటే మనకు రెండున్నర. ఆ హాల్లో జావా క్లాసు రెండింటికే అయిపోతుంది. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఎండాకాలం వస్తే ఆ దేశంలో జనమంతా గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారన్న సంగతి మా తెనాలిలో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే వెళ్లి వైర్లన్నీ తగిలించాను. అవతలివాళ్లు పిలిస్తే దానంతట అదే తెర మీదికి వచ్చేలా అమర్చి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒంటిగంట దాటాక రహమత్ బీని కింద ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి కోర్టు మర్యాదలు నేర్పుతున్నాను.

"అడిగినదానికే జవాబు చెప్పాలమ్మా. ఎక్కువ మాట్లాడకూడదు."

"నువ్వు సుత జర తక్కువ మాట్లాడు బేటా, చాయ్ సల్లారుతున్నది" అందావిడ.

అంతలో నర్సింగ్ అన్న మెట్లు దూకుతూ వచ్చాడు. "అన్న, మీ పెద్ద మేడమ్ వచ్చింది."

"వసుంధర గారా? అప్పుడేనా?"

"గామె కాదు. తెర మీది మేడమ్. మా పోరగాండ్లను ఇంటర్వ్యూ చేస్తున్నది."

"ఇంటర్వ్యూ ఏంటి?"

"నువ్వే గద అన్నవు, విదేశం పెద్దోళ్లని. నేను ఎవ్వరికి చెప్పలే. ఒక్క క్లాసుకే చెప్పిన."

పైకి పరిగెత్తాం. గోడంత తెర మీద నల్ల గౌనులో ఒక పెద్దావిడ, పక్కన గుమాస్తా. ఇవతల అరవై మంది, జుట్టు తడిపి దువ్వుకుని, బయోడేటాలు గుండెకు హత్తుకుని వరస కట్టారు. పదిమంది చెప్పుకోవడం అప్పటికే అయిపోయింది, ఇప్పుడు ముందున్నవాడు ఆరడుగుల మీసాల మనిషి. "మైసెల్ఫ్ శ్రీనివాస్, ఫ్రమ్ ఖమ్మం" అంటున్నాడు.

జడ్జిగారు కాగితాలు చూసి, మనిషిని చూసి, మళ్లీ కాగితాలు చూశారు. తరువాత ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు, "పాపకు అమ్మమ్మ మీరేనా?"

ఇంటర్వ్యూల్లో ఓపిక పరీక్షించడానికి తిక్క ప్రశ్నలు వేస్తారని శ్రీనివాస్‌కు ఎవరో చెప్పినట్టున్నారు. ఛాతీ ముందుకు చాచి, "నో మేడమ్. బట్ ఐ కెన్ లెర్న్ వెరీ ఫాస్ట్" అన్నాడు.

నేను తెర ముందుకు ఉరికి, "క్షమించాలి, తప్పంతా నాది" అని మొదలుపెట్టేసరికి వెనకనుంచి తోపులాట. వాళ్ల వరసలోకి నేను దూరాననుకున్నారు. ఒకడు చొక్కా పట్టుకుని, "లైన్ల రా భాయ్" అన్నాడు. అవతల గుమాస్తా చెయ్యి ఏదో మీట మీదికి పోతోంది. ఆ మీట నొక్కితే లైను తెగుతుంది, పాప సంగతి అంతే. అన్నీ వచ్చినట్టు మాట్లాడే నేను, చొక్కా విడిపించుకోవడానికి గింజుకుంటున్నాను.

అప్పుడు రహమత్ బీ లోపలికొచ్చింది. కేకలు పెట్టలేదు.

"బిడ్డా, అందరు కూసోండ్రి. గామె నౌకరీ ఇచ్చే మేడమ్ కాదు. నా మనవరాలి జడ్జమ్మ."

అరవై కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. ఆవిడ శ్రీనివాస్ దగ్గరికెళ్లి మొహం చూసింది. "పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా? మొఖం గుంజుకపోయింది." వాడు లేదన్నట్టు తలూపాడు. చేతిలోని డబ్బా వాడికిచ్చి, "సేమియా ఉన్నది. అందరు తలా జర తినుండ్రి. సప్పుడు జేయకుండ బయటికి పోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, నౌకరీలు వస్తయి" అంది. వాళ్లు బడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరు బయటికెళ్లారు. ఆఖరివాడు తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు.

గుమాస్తా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఏమన్నారో చెప్పమని జడ్జిగారు అడిగారు. సేమియాతో సహా అనువదించి, వాళ్ల పదిగంటలు ఎండాకాలంలో మనకు ఒంటిగంటన్నరే అని తెలియక గంట లెక్క తప్పానని ఒప్పుకున్నాను.

"ఏటా మా వాళ్లలోనే కొందరు తప్పుతారు" అన్నారావిడ. తరువాత సాక్షిని అడిగారు, "మీ అమ్మాయి డ్యూటీకి వెళ్తే పాపను మీరు చూసుకోగలరా?"

నేను నేర్పిన పొడుగాటి జవాబు ఒకటుంది. రహమత్ బీ దాని జోలికి పోలేదు. మూసిన తలుపు వైపు చూపించి, "ఇప్పుడు జూసిండ్రు గద అమ్మా" అంది.

అనువాదం అవసరం లేకుండానే జడ్జిగారు నవ్వేశారు. రెండుంపావుకు వసుంధర గారు హైకోర్టు నుంచి రొప్పుకుంటూ వచ్చేసరికి సాక్ష్యం అయిపోయింది, తెర నల్లబడింది, నేను శ్రీనివాస్ చేతిలో తిట్లు తింటున్నాను.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. వసుంధర గారు రహమత్ బీని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివారు. పాపను తల్లి హైదరాబాద్ తీసుకెళ్లవచ్చు. రహమత్ బీ కొంగుతో కళ్లొత్తుకుని, నా నెత్తిన చెయ్యి పెట్టింది. నేను ఆ ఆశీర్వాదానికి అర్హుడినైనట్టు గంభీరంగా నిలబడ్డాను.

"ఆగు, ఇంకో పేరా ఉంది" అన్నారు వసుంధర గారు. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు ఆగారు. ఇంతకీ అందులో ఉన్నదిది: "విచారణ సమయంలో సాక్షితో పాటు తమ విద్యార్హతలు విన్నవించుకున్న పదకొండు మంది యువకుల పట్ల ఈ న్యాయస్థానానికి సదభిప్రాయం కలదు. అయితే ప్రస్తుతం ఖాళీలు లేనందుకు చింతిస్తున్నది."

కావున, నేను పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా: ఇకపై పరాయి దేశంలో ఇప్పుడు టైం ఎంతని ఎవరైనా నన్నడిగితే, ఆ దేశానికే ఫోన్ చేసి, నిద్రపోతున్న మనిషిని లేపైనా సరే, అడిగి చెబుతాను తప్ప సొంత లెక్క చెప్పను.