బండారి మూటలో బీమా కాయితం

పేద రైతులకు చిన్న చిన్న బీమాలు అమ్మే సంస్థలో పనిచేసిన రోజుల్లో నా ఉద్యోగం చెప్పుకోవడానికి మహా గొప్పగా ఉండేది. కొత్త దేశాలను ఎంచడం నా పని. ఏ దేశంలో వానలు ఎట్లా పడతాయి, రైతు చేతిలో ఫోన్ ఉందా, అక్కడి సర్కారు అడ్డం పడుతుందా, ఇవన్నీ ఆరా తీసి పట్టిక వేసి మార్కులివ్వాలి. కోరుట్లలో మా అమ్మ పక్కింటావిడతో, "మా బిడ్డ దేశాలకు మార్కులేస్తది" అని గొప్ప చెప్పుకుందట. ఆవిడ బీడీ చుట్టడం ఆపకుండానే, "మరి మన దేశం పాసైందా?" అని అడిగిందట.

ఆ ఏడు నా పట్టికలో తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశం పైన నిలిచింది. అక్కడికి వెళ్లే ముందు మా ప్రశ్నలు రైతులకు అర్థమవుతున్నాయో లేదో ఒకసారి ఇక్కడ చూసుకోవాలి. "మీ వైపే కదా, వెళ్లి చూసి రా" అన్నారు మా ఆఫీసు పెద్దసారు. మా జగిత్యాల వైపు ఊళ్లలో అప్పటికే మా బీమా నడుస్తోంది. ఒకే కాయితంలో రెండు హామీలు: పంట ఎండితే కొంత, రైతు పోతే కొంత. అలవాటైన జనమే కాబట్టి పని తేలిక అనుకున్నాను. అమ్మ చేతి వంట తింటూ సగం సెలవు గడపొచ్చని లోపల సంబరపడ్డాను కూడా.

మొదట సిరిసిల్ల వెళ్లాను. సాంచలని పిలుచుకునే మరమగ్గాల చప్పుళ్ల మధ్య గొంతు చించుకుని కరువు గురించి అడిగితే ఒక నేత కార్మికుడు ఓపికగా విన్నాడు. "వాన పడకున్నా మా సాంచ నడుస్తది మేడం. ఆర్డర్లు పడకుంటే నడువది. దానికేమన్న ఉన్నదా మీ తాన?" అన్నాడు. లేదన్నాను. "మరి చాయ్ తాగి పోండ్రి" అన్నాడు. నేను నవ్వుకుంటూ తాగి వచ్చాను.

మర్నాడు శుక్రవారం. కథలాపూర్ దాటాక ఒక ఊళ్లో మహిళా సంఘం వాళ్లు ఒక ఇంటి వాకిట్లో కూర్చున్నారు. అందరి ఒళ్లలోనూ చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. మాట మాటే, పని పనే. నేను నేల మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసి లోపల బొమ్మలు వేశాను. ఎండకు సూర్యుడు, చీడకు పురుగు, రోగానికి మంచం, ధర పడిపోవడానికి బస్తా. తలా గుప్పెడు చింతగింజలిచ్చి, మీకు దేనికి ఎక్కువ భయమో అందులో ఎక్కువ గింజలు వేయండి అన్నాను. చదువు రాని దేశంలో కూడా నడిచే ఆట ఇది. ఇట్లాంటి ఆటలు కనిపెట్టినందుకు మా ఆఫీసులో మమ్మల్ని మేమే మెచ్చుకునేవాళ్లం.

ఎవరూ వేయలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అర్థం కాలేదేమోనని మళ్లీ మొదలుపెట్టబోతే నా ఈడుదే ఒకామె చాట పక్కన పెట్టి లేచింది. గౌండ్లోళ్ల ఇంటి కోడలు. కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే భర్త అది గిట్టుబాటు కాక దుబాయి పోయి రెండో ఏడు నడుస్తోందని అంతకుముందే చెప్పింది. నా చేతిలోని సుద్ద తీసుకుని, నా గుండ్రాలన్నిటికీ దూరంగా, గడప పక్కన ఒక పెద్ద గుండ్రం గీసింది. బొమ్మ ఏమీ వేయలేదు. తన గింజలన్నీ అందులో పోసి వచ్చి కూర్చుంది.

"అదేంటి?" అన్నాను.

"గల్ఫు" అంది.

తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్లి గింజలన్నీ అందులోనే పోశారు. సూర్యుడి దగ్గర ఒక్క గింజ లేదు. మా దగ్గర పట్టాదారుల పేర్ల మీద బీమా ఉంది. ఆ పట్టాదారులు ఎవరూ ఈ ఊళ్లో లేరు. పసుపు తవ్వేది, నాట్లేసేది, నీళ్లు పెట్టేది ఈ వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు. నేను మార్కులేసే దేశాల్లో ఎక్కడా లేని దేశంలో మా రైతులు ఇటుకలు మోస్తున్నారు.

సరే, మీ బీమా కాయితాలు తెచ్చుకోండి, చూస్తాను అన్నాను. ఎవరూ కదల్లేదు.

"కాయితాలు మా తాన లెవ్వు బిడ్డా" అంది వాళ్లలో పెద్దవయసు ఆవిడ. "మొగోళ్లతోనే పంపినం."

మా వైపు మనిషి దేశం పోయేటప్పుడు చిన్న మూట కట్టి ఇవ్వడం ఉంది. మల్లన్న దగ్గరి పసుపు, దాన్నే బండారి అంటారు, దాంతో పాటు సొంత చెలకలోని చిటికెడు మట్టి. అది మనిషి ఒంటి మీద ఉంటే ఆపద రాదని నమ్మకం. బీమా కాయితాన్ని కూడా మడతపెట్టి అందులోనే కట్టారట. ముందెవరు కట్టారో తెలియదు కానీ, ఒకరిని చూసి ఒకరు ఊరంతా కట్టారు.

"ఆపతి ఆయనకు గద మేడం" అంది గౌండ్లామె. "కాయితం ఈడ సందుగుల ఉంటె ఏం ఫాయిదా? మనిషి ఏడుంటే ఆడుండాలె."

ఆమె తర్కంలో తప్పేమీ కనబడలేదు. తప్పంతా మా కాయితంలోనే ఉంది. చివరి పేజీలో, చీమతలకాయ అక్షరాల్లో, పట్టాదారు దేశం ఎల్లలు దాటితే రెండు హామీలూ చెల్లవని ఉంది. అమ్మేటప్పుడు అంతదూరం ఎవరు చదివి చెబుతారు? ఆ మూటల్లో పదిలంగా కట్టి పంపిన కాయితం, ఆ మనిషి విమానం ఎక్కిన గడియ నుంచీ ఉత్త కాయితమే.

చెప్పక తప్పలేదు, చెప్పాను. బీడీలు చుట్టే చేతులు అప్పుడు ఆగాయి.

"గట్లెట్ల?" అంది పెద్దావిడ. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగింది. "మనిషి మావోడే గద. ఏడ సచ్చినా మాకే గద సచ్చేది."

అంతలో గౌండ్లామె ఫోన్ మోగింది. శుక్రవారం అక్కడ సెలవు, మగవాళ్లు ఇళ్లకు మాట్లాడే రోజు. ఆమె తడబడి ఫోన్ ఎత్తి, "బీమా మేడం అచ్చింది" అని ఏం చేయాలో తోచక నా చేతిలో పెట్టింది. తెర మీద ఎండకు నల్లబడ్డ మొహం, వెనక ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు.

"నమస్తే మేడం. మా ఆమె కిస్తు కట్టిందా?" అన్నాడు. అదే మొదటి మాట.

"కట్టిందన్నా."

దిండు కింద నుంచి మూట తీసి చూపించాడు. "పెద్ద బిల్డింగులకు బయటికెల్లి అద్దాలు బిగిస్తం. పైకి ఎక్కేటప్పుడు అంగిల పెట్టుకుంట. మోకు కట్టుకోని తాళ్లెక్కినోన్ని, నాకు ఎక్కుడు కొత్త గాదు. గని గీడ కిందికి చూస్తె కాళ్లు వణుకుతయి. నాకేమన్నయితె పిల్లలకు గింత ఆసరా ఉన్నదన్న ధీమతోని ఎక్కుతున్న."

నేను నోరు తెరవబోతే ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేసి, పిల్లల చదువు గురించి, బర్రె ఈనడం గురించి నవ్వుతూ మాట్లాడింది. పెట్టేశాక నన్ను గోడ పక్కకు పిలిచింది.

"గీ ముచ్చట ఆయనకు ఎరుక కానియ్యకుండ్రి మేడం. కిస్తు నేను కడుతనే ఉంట. కట్టినవా అని అడుగుతడు, కట్టిన అని చెప్పాలె గద. నాకు అబద్ధమాడుడు రాదు."

చెల్లని కాయితానికి, చెల్లదని తెలిసీ, బీడీలు చుట్టిన కూలితో కిస్తు కడతానంటోంది. అట్లాంటి మాట వింటానని నేనెన్నడూ అనుకోలేదు.

హైదరాబాద్ వచ్చి పెద్దసారు ముందు కూర్చుని కొత్త దేశాల పట్టికలో గల్ఫు అని ఒక వరుస రాశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇది రైతుల దేశం కాదు కదమ్మా" అన్నారు.

"మన రైతులంతా అక్కడే ఉన్నారు సార్" అన్నాను. గొంతు పెరిగింది కూడా.

ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్లను అడిగి చూశారు. ఎల్లలు దాటిన హామీకి ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన అన్న మాట న్యాయమైనదే: చెల్లదని తెలిసీ వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే మోసం, వెంటనే ఆపేయాలి. ఆపేశారు. కట్టిందంతా లెక్క చూసి ఎవరిది వాళ్లకు వాపసు ఇచ్చారు. దాంట్లో వేలు పెట్టి చూపించడానికి తప్పు లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నాకు మాత్రం తర్వాత తెలిసింది.

నేను ఆ ఆఫ్రికా దేశానికి బయల్దేరిన రోజు, విమానాశ్రయంలో వరుసలో నిలబడి ఉండగా గౌండ్లామె ఫోన్ చేసింది. నా ముందూ వెనకా గల్ఫు పోయే మగవాళ్లే. వాళ్ల మాట మా జగిత్యాల మాటే.

"పైసలెందుకు వాపసిచ్చిండ్రు మేడం? మేమేం తప్పు చేసినం?" అంది.

ఆపేయడమే మంచిదని చెప్పాను. ఆ డబ్బు దాచుకోమన్నాను. నా మాటలు నాకే రోతగా వినిపించాయి.

"మొన్న శుక్రారం కిస్తు కట్టినవా అని అడిగిండు" అంది. "చెప్పిన. ఉన్నది ఉన్నట్టు చెప్పిన."

"మరి ఆ పని మానేసి కింద ఏదైనా చూసుకోమని చెప్పకపోయావా?" అన్నాను.

ఆమె ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు.

"బంద్ చేస్తే ఇల్లెట్ల నడుస్తది మేడం? ఎక్కుతనే ఉన్నడు. ఇంతకుముందు ధీమతోని ఎక్కేటోడు, ఇప్పుడు భయంతోని ఎక్కుతున్నడు. గంతే ఫరక్."

వరుస కదిలింది. నా ముందున్నతను పాస్‌పోర్టు కోసం అంగీ జేబులో చెయ్యి పెట్టి, ముందుగా పసుపు అంటిన చిన్న మూట బయటికి తీశాడు.