తోడు బృందంలో నేను దాచిన మాట

ఏళ్ళుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. దాన్ని మోస్తూనే చదువు ముగించాను, ఉద్యోగంలో చేరాను, పెళ్ళి చేసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, మా కాలేజీలో 'తోడు' అనే బృందం ఉండేది. మనసు బాగాలేని విద్యార్థుల గోడు తోటి విద్యార్థులమే కూర్చుని వినేవాళ్ళం. కౌన్సెలర్ మేడమ్ మాకు శిక్షణ ఇచ్చారు. విన్నది బయట పెట్టకూడదు. ప్రాణానికే ముప్పనిపిస్తే మాత్రం ఆమెకు చెప్పితీరాలి. మా తాత గనిలో పనిచేసినవాడు. లోపల చిక్కుకున్న మనిషిని వదిలి పైకి రాకూడదనేవాడు. ఆ బృందంలో కూర్చున్నప్పుడు నేను ఆయన మనవరాలినేనని గర్వంగా ఉండేది.

నిర్మల రాయల్పాడు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన జూనియర్. పరీక్షలు తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక కుమిలిపోయేది. రోజూ స్టెల్లాతో మాట్లాడేది. స్టెల్లా కేజీఎఫ్‌లోనే ఊరిగాం పిల్ల, నా స్నేహితురాలు. మాలో అందరికన్నా ఓపికగా వినేది. ఒక మధ్యాహ్నం స్టెల్లా లేకపోతే నిర్మల నా దగ్గర కూర్చుంది. తనకిక బతకాలని లేదంది. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. క్లాసుందని లేచి, ఆమె రూమ్మేట్‌ను పక్కనే ఉండమని చెప్పి, నేను మేడమ్ దగ్గరకు పరుగెత్తాను.

మేడమ్ వెంటనే వచ్చారు, ఎవరు చెప్పారో మాత్రం అనలేదు. నిర్మల అమ్మానాన్నలను పిలిపించారు. వైద్యం చేయించారు. కొన్ని నెలలకు నిర్మల తేరుకుని తిరిగొచ్చింది. వచ్చీరాగానే నన్ను అడిగింది.

"అక్కా, మేడమ్ కాడ చెప్పింది నువ్వా?"

"నేను కాదు."

"అట్లయితే స్టెల్లక్కే. ఆయమ్మ కాడా సగం సగం చెప్పినాను. నమ్మి చెప్తే ఇట్ల చేసింది."

నేను ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నాను? చేసింది తప్పు కాదని నాకు తెలుసు. నాకు చెబితే దాగదని తెలిస్తే ఇంకెవరూ నా దగ్గరకు రారని భయపడ్డానా? లేక అందరికీ మంచిదాన్ననిపించుకోవడంలోని తీపి, స్నేహితురాలిని బలిచ్చేంతగా నాకు అప్పటికే అలవాటైపోయిందా?

హాస్టల్ పిల్లలు స్టెల్లా దగ్గరకు రావడం మానేశారు. తాను చెప్పలేదంటే ఎవరూ నమ్మలేదు. స్టెల్లాను అనొద్దని మేడమ్ అందరికీ చెప్పి చూశారు. అయినా చెప్పిందెవరో బయటపెట్టకూడదు కదా. ఆమె నావైపు చూశారు. నేను తలదించుకున్నాను. స్టెల్లా బృందం వదిలి వెళ్ళిపోయింది.

తర్వాతి ఏడాది ఆ బృందాన్ని నడిపింది నేనే. ప్రాణం కాపాడటానికి చెప్పడం ద్రోహం కాదని, అందుకు ధైర్యం కావాలని కొత్తవాళ్ళకు నేర్పాను. బాగా నేర్పాను. ఆ మాట అంటూ నా కళ్ళు ఎవరి కళ్ళతోనూ కలవకుండా చూసుకున్నాను. ఆ బృందం ఈనాటికీ నడుస్తోంది. నిర్మల ఇప్పుడు శ్రీనివాసపురంలో టీచరు. తన క్లాసులో దిగులుగా కూర్చున్న పిల్లను చూస్తే పక్కనే వెళ్ళి కూర్చుంటుందట. అది విన్న రోజు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఆ గర్వం నాకు కావాలి. కానీ అబద్ధం మీద నిలబడి దాన్ని అందుకోలేకపోతున్నాను.

పోయిన వారం నిర్మలకు చెప్పాను. చాలాసేపు ఏడ్చింది, స్టెల్లా కోసం. నిన్న స్టెల్లాకు ఫోన్ చేసి, ఏమీ మిగల్చకుండా చెప్పాను. ఆమె అంతా విన్నది, అప్పట్లో అందరి గోడూ విన్నట్టే. చివర "సరే" అని ఫోన్ పెట్టేసింది. క్షమించిందో లేదో తెలియదు. నేను అడగలేదు. అడగను కూడా.

ఆ మధ్యాహ్నం మేడమ్ దగ్గరకు పరుగెత్తింది నేనేనని మాత్రం ఇప్పుడు తలెత్తి చెప్పుకోగలను.