అటవీశాఖ గొట్టంలో సింహాచలం కిడ్నీలు

ఎలుగుబంటిని వెతకడానికి తెచ్చిన గొట్టంతో మీ కిడ్నీలు చూపించుకుంటారా? నవ్వుతున్నారు కదూ. ముందు మీ వేలి ఉంగరంలో ఆ రాయి ఎందుకుందో చెప్పి, తర్వాత నవ్వండి. చదువుకున్నవాడి మూఢనమ్మకానికి రసీదు ఉంటుంది, రంగుల కరపత్రం ఉంటుంది. పల్లెటూరివాడి నమ్మకానికి అవి ఉండవు. తేడా అంతే.

టెక్కలి నుంచి బదిలీ మీద పలాస ప్రాంతానికి ఫారెస్ట్ రేంజి అధికారిగా నేను వచ్చింది కరోనా సద్దుమణిగిన తర్వాతి జీడి సీజనులో. రేంజి అధికారి అంటే బయటివాళ్లు అనుకునేంత పెద్ద హోదా కాదు. పై అధికారి ఫోన్ చేస్తే లేచి నిలబడాలి, కింది అధికారి ఫోన్ ఎత్తకపోతే తనే జీపెక్కి వెళ్లాలి. నా కింద బీట్ అధికారులు ఉండేవారు. బీట్ అంటే ఒక్క ఉద్యోగికి అప్పగించిన అడవి ముక్క. వాళ్ల కింద ఊళ్లలోంచి తీసుకున్న వాచర్లు.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో అడవికీ తోటకీ మధ్య గోడ లేదు. జీడిపళ్లూ పనసపళ్లూ వాసన కొట్టగానే ఎలుగులు కొండ దిగి తోటల్లోకి వస్తాయి. జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లు వెలుగు రాకముందే అదే తోటల్లోకి వెళతారు. ఎలుగుకు చూపు మందం. మనిషిని పక్కనే చూసి బెదిరిపోయి మీద పడుతుంది. నేను రాకముందు వేసవిలో ఒకామె అలాగే ఆసుపత్రి పాలైంది. అందుకని వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరి తోటల అంచున మచాన్, అంటే కర్రల మంచె, కట్టి, దాని మీద దూరదర్శినులు బిగించి, తోటలో ఎలుగు లేదని తేలాకే ఒక ఈల వేసి ఆడవాళ్లను పంపాలని, ఎలుగు ఉంటే రెండు ఈలలు వేసి ఆపాలని ఏర్పాటు.

వచ్చిన పరికరాలు మూడు. ఒకటి పగటిపూట దూరం చూసే స్పాటింగ్ స్కోప్. రెండోది నైట్ విజన్. ఇది చుక్కల వెలుగునైనా పోగుచేసి పెంచి చూపిస్తుంది. బొత్తిగా వెలుగు లేకపోతే దీనికీ చూపు లేదు. మూడోది థర్మల్ స్కోప్. దీనికి వెలుగుతో పనిలేదు. ఏ వస్తువు పైన ఎంత వేడి ఉందో అదే బొమ్మగా గీస్తుంది. ఎక్కువ వేడి ఉన్నది తెల్లగా, చల్లనిది నల్లగా కనిపిస్తుంది. కావాలంటే ఎరుపు, పసుపు రంగులు కూడా పెట్టుకోవచ్చు. సాయంత్రం దీన్ని వాడితే ఎండకు కాగిన ప్రతి రాయీ ఎలుగులా వెలుగుతుంది. నేల చల్లబడే తెల్లవారుజామే దీనికి సరైన వేళ. మూడు కాళ్ల స్టాండు ఇసుకలో దిగబడకుండా మంచె కింద నేల మీద పెట్టినప్పుడు ప్రతి కాలి కిందా ఒక కొబ్బరి చిప్ప బోర్లించేవాళ్లం. ఆ ఉపాయం ఏ మాన్యువల్లోనూ లేదు.

బిగించడానికి విశాఖ నుంచి సుజాత అనే ఇంజనీరు వచ్చింది. దుమ్ము పడకుండా తెల్లకోటు వేసుకుంది. అనర్థమంతా ఆ కోటుతో మొదలైంది.

థర్మల్ స్కోప్‌ను సరిచూడాలంటే తెలిసిన దూరంలో ఒక వెచ్చని ఒంటిని నిలబెట్టి చూడాలి. దానికి మా వాచర్ సింహాచలాన్ని నిలబెట్టాం. చొక్కా అడ్డమని తీయించాం. సుజాత చెబుతూ ఉంటే అతను చేతులెత్తాడు, పక్కకి తిరిగాడు, వీపు చూపించాడు. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. ఆమె రంగులు మార్చి, లెన్సు మూత వేసి తీసి, చివరికి నాతో అంది: "బాగుంది సార్. అంతా నార్మల్‌గా వస్తోంది."

ఆమె చెప్పింది యంత్రం గురించి. సింహాచలం రెండు చేతులూ జోడించి ఆమెకు దణ్ణం పెట్టాడు.

ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు తట్టని వీధి లేదు. సింహాచలం అన్న దానితోనే పోయాడు. సింహాచలానికి సాయంత్రమయ్యేసరికి కాళ్లు పొంగేవి. నొప్పికి కిరాణా కొట్లో మాత్రలు కొని మింగేవాడు. రక్తపరీక్ష అంటే మాత్రం ఆమడ దూరం. రక్తం తీసే నర్సమ్మ స్కూటరు మీద వస్తుంటే మా స్పాటింగ్ స్కోప్‌లోంచి ముందే కనిపెట్టి తోటలోకి జారుకునేవాడు. ప్రభుత్వ పరికరాన్ని అంత శ్రద్ధగా వాడిన ఉద్యోగి నా సర్వీసులో మరొకడు లేడు.

ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను. "ఆ సూది పడితే లేని రోగం వత్తాది బాబూ. మా అన్న పరీచ్చ సేయించుకున్నాడు, ఆర్నెల్లకి డయాలిసిస్సు" అన్నాడు.

"చేయించుకోకపోతే రాకపోయేదా?"

"అడగడానికి ఆడు లేడు గదండీ" అని, అసలు సంగతి చెప్పాడు. "రక్తంలో కిడ్నీ నెంబరు, ఆ క్రియాటినిను, బయటికొచ్చిందంటే అదే పేరైపోద్ది. మా ఈదిలో అప్పారావులిద్దరు. ఒకడు ఐదప్పారావు, ఇంకొకడు ఎనిమిదప్పారావు."

మర్నాడు తెల్లవారుజామున మంచె దగ్గరకు వెళ్లేసరికి జనం వరుస కట్టి ఉన్నారు. మగవాళ్లు చొక్కాలు విప్పి భుజాన వేసుకున్నారు. ఒక ముసలాయన పరగడుపున రావాలన్నారని టీ కూడా మానేసి వచ్చాడు. స్కోప్ వెనక అప్పలనాయుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ఊరి పెద్ద రైతు. తోటల కాపలా కమిటీ, బడి కమిటీ, గుడి కమిటీ, అన్నిటిలోనూ సభ్యుడు. ఊరంతటికీ నాయుడు మావ. మా బీట్ అధికారి రమేష్ ఆయన మాట కాదనలేక పక్కన నిలబడ్డాడు.

"తిరుగు. ఇటు తిరుగు. నీది ఎడంది ఎర్రగుంది, కుడిది పసుపుగుంది. కొబ్బరినీళ్లు తాగు. తర్వాతెవులు?" అంటున్నాడు నాయుడు.

నాకు ఒళ్లు మండింది. అక్కడే ఉపన్యాసం ఇచ్చాను. యవ్వనంలో చర్చావేదికల మీద పండితుల నోళ్లు మూయించినవాణ్ణి. ఈ గొట్టం చర్మం లోపలికి చూడదని, ఇది డాక్టరు కాదని, ఆ అమ్మాయి అడవి పరికరాల ఇంజనీరని వివరంగా చెప్పాను. అందరూ ఓపికగా విన్నారు. తర్వాత ముసలాయన అడిగాడు: "ఇంతకీ నా వొంతెప్పుడు బాబూ?"

వాదం పనిచేయలేదు. ప్రయోగం మిగిలింది.

"నాయుడుగారూ, అందరివీ చూశారు, మీ కిడ్నీలు ఎవరు చూస్తారు? జీపులో కూర్చోండి" అన్నాను. నాయుడు మురిసిపోయి ముందు సీట్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ పైకెత్తించి, ఒక్కొక్కరినీ స్కోప్‌లోంచి చూడమన్నాను. మామూలు గాజు లోంచి మన కంటికి వెలుగు వస్తుంది గాని, థర్మల్ స్కోప్ పట్టుకునే వేడికిరణాలు రావు. అందులో జీపు కనిపిస్తుంది, లోపల మనిషి కనిపించడు.

మొదట చూసిన ముసలమ్మ గుండె బాదుకుంది. "ఓలమ్మో! నాయుడు మావ లేడే!"

"కంటికి ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు కదమ్మా" అన్నాను.

"కన్ను అబద్ధమాడతాది బాబూ, మిషను ఆడదు" అంది ఆవిడ. జీపు చుట్టూ గోల మొదలైంది. లోపల నాయుడికి ఏమీ వినబడక, తనకు జేజేలు కొడుతున్నారనుకుని చెయ్యి ఊపుతున్నాడు. తలుపు తీసి సంగతి చెబితే ఒప్పుకోలేదు. "గవర్నమెంటు జీపు అద్దాలు అలగే ఏడుత్తాయి. నా కార్లో కూకుంటాను, అప్పుడు సూడండి."

అప్పుడు వరుస చివరి నుంచి దమయంతి ముందుకొచ్చింది. సింహాచలం భార్య. జీడిపిక్కలు ఏరడానికి బుట్టతో వచ్చింది. స్కోప్‌లోంచి ఒకసారి, కంటితో ఒకసారి చూసింది.

"అద్దం అవతల మనిషినే సూడనేని మిషను, తోలు లోపలి కిడ్నీని సూత్తాదేటి బాబూ?"

"చూడదమ్మా."

"మరి మా ఇంటాయనకి నార్మలన్నారు?"

"నార్మల్ అన్నది మిషన్ని."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? ఎల్లుండి కేంపు. సూదికి సెయ్యి సాపకపోతే నాను సాపుతాను, నీ చెంప మీద."

వరుసలోని మగవాళ్లు చొక్కాలు తొడుక్కున్నారు. నా గంటసేపు ఉపన్యాసం చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది.

ఊరి బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టిన రోజు తెల్లవారుజామున మంచె మీద డ్యూటీ సింహాచలానిది. మేం వెళ్లేసరికి అతని చెప్పులు కింద ఉన్నాయి, మనిషి లేడు. రమేష్ పైకెక్కి థర్మల్ స్కోప్ తిప్పి, ఒక్కసారిగా గొంతు తగ్గించాడు. "సార్, ఎలుగు! పెద్దది. పనసచెట్టు మొదట్లో కూర్చుంది."

నిబంధన ప్రకారం రెండు ఈలలు వేయించాను. తోటవైపు వస్తున్న పిక్కలు ఏరేవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. దమయంతి మాత్రం ఆగలేదు. కింద మొగుడి చెప్పులు చూసి బుట్ట పారేసింది. నేను వద్దంటున్నా నిచ్చెనెక్కి రమేష్‌ను పక్కకు తోసి కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది.

"మూతి కాడ సుక్కలాగ మెరుత్తన్నాదేటి బాబూ?"

నేనూ చూశాను. గుండ్రంగా ముడుచుకున్న తెల్లటి ఆకారం. మూతి దగ్గర దానికంటే తెల్లటి చుక్క. అది పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది.

"ఎలుగు బీడీ కాలుత్తాదేటి?" అంది దమయంతి. వెంటనే చేతులు నోటి చుట్టూ పెట్టుకుని కేకేసింది. "ఏవయ్యో! పనసచెట్టు కింద కూకున్నావు. బీడీ పారీసి రా! నువ్వు ఏ సెట్టు ఎనక దూరినా నాకు కనిపిత్తన్నావు!"

ఎలుగు రెండు కాళ్ల మీద లేచి నిలబడి, లుంగీ సర్దుకుంది.

మంచె కిందికి వచ్చి సింహాచలం తల దించుకునే గొణిగాడు. "ఆ మిషను ఎలుగుల కోసం తెచ్చినారు. నన్నెతకడానికి కాదు."

"కిడ్నీల కోసవూ తేలేదు. మొన్న నమ్మినావు గదా, ఇయాల కూడా నమ్ము. నడు" అంది ఆమె.

బడిలో అతను కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. నెంబరు ఉండాల్సిన దానికంటే పైనే ఉంది, కానీ తొలిదశ. డాక్టరు నొప్పి మాత్రలు మాన్పించి, మందు రాసి, క్రమం తప్పకుండా పరీక్షకు రమ్మన్నాడు. ఇంకో ఏడాది దొంగాట ఆడి ఉంటే చెప్పలేమన్నాడు. నేను రిటైరయ్యే వరకూ సింహాచలం ఆ మంచె మీదే డ్యూటీ చేశాడు. భయపడ్డట్టే ఊరు అతనికి కొత్త పేరు పెట్టింది. అంకెతో కాదు. బీడీ ఎలుగు అని.

ఈ ఉదంతంతో నేను నేర్చుకున్నది చిన్నది. పరికరం ఏం చూపిస్తుందో చెబితే సగం పనే. ఏది చూపించడం దానివల్ల కాదో కూడా జనం కళ్ల ముందే చూపించాలి. ఆ తర్వాత ఏ ఊళ్లో థర్మల్ స్కోప్ బిగించినా ముందు ఊరి పెద్దను జీపులో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తించేవాణ్ణి.

ఇక మీ సంగతి. మీరూ ఏదో ఒక చెట్టు వెనక కూర్చున్నారని నాకు తెలుసు. జాతకం చెట్టు, రాగిచెంబు చెట్టు, నాకేం కాదులే అనే చెట్టు. రేపు పొద్దున్నే ఆ చాటు నుంచి లేవండి. ఆసుపత్రికి వెళ్లి, చొక్కా చెయ్యి పైకి మడిచి, రక్తం ఇచ్చి రండి.