ఊపిరాడని వరండా

ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో, లోకంలోని సకల అనర్థాలకూ సందులే మూలమని నేను దృఢంగా విశ్వసించేవాణ్ణి. తలుపుకూ ద్వారబంధానికీ నడుమ సందు కనబడినా నాకు నిద్ర పట్టేది కాదు. (చేతిలో సదా కొలతదారం ఉండేది గనుక కూలీలు నన్ను ‘దారంబాబు’ అనేవారు, దానిని గౌరవంగానే స్వీకరించాను.) అవి ఎనభైల నాటి సంగతులు. రాయపూర్‌లో మోవా వైపు కల్యాణమండపం కడుతున్న ఒక తెలుగు కాంట్రాక్టరుగారి వద్ద నేను సూపర్‌వైజరును. మండపానికి అటూ ఇటూ ఎండ పడే పొడవాటి వరండాలు. వాటి పలకల పని ఆయన మెచ్చితేనే నా కొలువు ఖాయమవుతుంది.

పలకలు పరిచేది శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన వృద్ధ మేస్త్రీ, అందరికీ తాత. చలికాలంలో పని మొదలుపెడుతూ, “బాబూ, ఈ ఊరి గర్మీ నీకెరిక కదా. ఎండకి పలక సాగుతాది. గోడకాడ వేలెడు, నడిమిన అక్కడక్కడ గీతంత సందు ఒగ్గేద్దాం” అన్నాడు.

“సందులు వదలడానికి ఇవేమైనా పాలపళ్లా, తాతా? గోడకు ఆనించి బిగించు.”

“మరి సాగితే ఏటి సేస్తాది? గోడ దాటుకొని పోతాదా?”

నేను కళ్లెర్రజేశాను. ఎడమ వరండా నా ఆజ్ఞానుసారం సూది దూరనంత బిగువుగా తయారైంది. కుడి వరండా మొదలవుతుండగా నన్ను వేరే పని మీద వారం రోజులు ఆరంగ్ పంపారు. వచ్చేసరికి అదీ పూర్తయి మెరుస్తోంది. (గోడ అంచు సందును గోడకు అతికించిన నిలువు పలకలు కప్పివేశాయి. మధ్యనున్న సన్నని నల్లగీతలేమిటంటే తాత ‘డిజైన్ బాబూ’ అన్నాడు, నమ్మాను.)

మే నెల మిట్టమధ్యాహ్నం, కాంట్రాక్టరుగారు తనిఖీకి రానున్న వేళ, తుపాకీ పేలినట్లు శబ్దమై ఎడమ వరండా నడుమ పలకలు గుడారంలా పైకి లేచాయి. అంతలో గేటు వద్ద స్కూటరు ఆగింది. నేను చేసిన పని చెప్పడానికి ఈనాటికీ సంకోచిస్తాను: ఆ ఉబ్బు మీదికెక్కి, చేతులు వెనుక కట్టుకొని, నిటారుగా నిలబడ్డాను.

“ఏమయ్యా, అరుగెక్కినట్టు అక్కడెందుకు నిలబడ్డావు? దిగిరా” అన్నారు కాంట్రాక్టరుగారు దగ్గరికి వచ్చి.

“ఇక్కడ గాలి బాగా వీస్తోందండి.”

ఆ మాట ముగియకమునుపే నా కాళ్ల కింద రెండో పేలుడు. నేను నేరుగా ఆయన చేతుల్లోనే పడ్డాను.

ఆయన నన్ను నిలబెట్టి, కుడి వరండా చూసి వచ్చి, “అది వెంట్రుకంతైనా కదల్లేదే! అదీ నువ్వు చెప్పినట్టే వేశారా?” అని అడిగారు. అవునంటే కొలువు దక్కవచ్చు. కాదంటే నాదీ పోవచ్చు, ఆజ్ఞ మీరినందుకు తాత పనీ పోవచ్చు. తాత తల దించుకొన్నాడు.

“కాదండి. తాత నా మాట వినకుండా సందులు వదిలాడు. అందుకే నిలిచింది.”

“అయితే ఇకనుంచి తాత మాట నువ్వు విను. ఎడమది తీయించి మళ్లీ వేయించు. వచ్చే వేసవికి అది నిలిస్తే నువ్వూ నిలుస్తావు” అన్నారు కాంట్రాక్టరుగారు.

తారులో ముంచిన గోనెపీచును సందుల్లో నింపే పని తాత నాకే అప్పగించాడు. అలవాటుగా కుక్కబోతే నా చేయి పట్టుకొని, “మెల్లగా బాబూ! గట్టిగా కూరితే మళ్లా అదే కత. పలక వచ్చి పోడానికి తావుండాల” అన్నాడు.

మరుసటి మే నెలలో, మిట్టమధ్యాహ్నం గొడుగుతో ఆ వరండాలో కాపలా కూర్చున్నాను. “ఏటి బాబూ, జొరమొచ్చిన పిల్లకాడ కూసున్నట్టు కూసున్నావు!” అని తాత నవ్వాడు. మూడు గంటలు దాటినా చిన్న చప్పుడైనా లేదు. తాత అటు తిరగగానే పలకను ప్రేమగా అరచేత్తో తట్టాను; చేయి చురుక్కుమంది. కొలువు ఖాయమైనందుకన్నా ఆ నిశ్శబ్దానికే ఎక్కువ మురిసి, అరచేతిని ఊదుకొంటూ నిలబడిన ఆ కుర్రవాణ్ణి తలచుకొంటే నాకు నవ్వు వస్తుంది. కాస్త అసూయ కూడా కలుగుతుంది.