నలభై లీటర్ల పెట్టె

పొద్దున్నే రెండు టిఫిన్ డబ్బాలు కట్టేదాన్ని. ఒకటి మా ఆయనకి, ఒకటి మా సుదీప్‌కి. ఇద్దరికీ పని మేం బతకడానికొచ్చిన ఈ హిందీ రాష్ట్రంలోని గమ్హరియాలోనే. మాఘంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో మా పిల్లాడు పోయాడు. ఇప్పుడు ఒక్క డబ్బాయే కడుతున్నాను. అది కూడా మా వరండా దాటి వెళ్లడం లేదు. మా ఆయన పనికి పోవడం మానేశాడు.

ఆయన పేరు ఆదిబాబు. ముప్పై ఐదేళ్లు ఇనుప రేకుతో తొట్లు, గొట్టాలు చేసిన మనిషి. సుత్తి చప్పుడుకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇంట్లో పాట పెడితే కట్టేయమనేవాడు. అలాంటివాడు పాటల పెట్టె చేస్తానని కూర్చున్నాడు. కూర్చోవడం అని రాస్తున్నాను గానీ, ఎక్కడ కూర్చుంటాడు? లేస్తాడు, కారు డిక్కీ తెరుస్తాడు, మూస్తాడు, గేటు దాకా వెళ్తాడు, మళ్లీ వచ్చి కొలత టేపు పట్టుకుంటాడు. చూసి చూసి నాకూ కాలు నిలవడం మానేసింది.

కారు సుదీప్‌ది, పాతది కొన్నాడు. డిక్కీలో పెట్టాలని పన్నెండంగుళాల సబ్‌వూఫర్ తెచ్చుకున్నాడు. అంటే లోతుగా డప్పు మోగినట్టు మోగే స్పీకరు. దానికి పెట్టె చేసుకోకుండానే పోయాడు. వాడు పొడుగు. డ్రైవరు సీటు వెనక్కి జరిపే ఉంటుంది. మా ఆయన దాన్ని ముందుకి జరపడు, కాళ్లు చాపి పెడళ్లు అందీ అందకుండా తొక్కుతాడు.

ఆ కారుని బారిడీహ్‌లో మా వీధిలోనే ఉండే సత్యప్రసాద్ కొనుక్కుంటానని అడిగాడు. "పిల్లోడి స్పీకరు ఒక్కసారి మోగించి తాళాలు నీకే ఇచ్చెత్తాను" అని మా ఆయన మాటిచ్చేశాడు. నన్ను అడగలేదు. కారు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పైకి అనలేదు.

మొదటి పెట్టె తనకి తెలిసిన ఇనుప రేకుతోనే చేశాడు. ఆదిత్యపూర్‌లో కార్ల సామాన్ల షాపు నడిపే రీనా దగ్గరికి పట్టుకెళ్లాం. ఆ పిల్ల వేలితో కొట్టి చూసి పకపకా నవ్వింది.

"అంకుల్, యే స్పీకర్ కా డబ్బా హై కి తిజోరీ? డబ్బులు దాచుకునే ఇనప్పెట్టెలా ఉంది! లోహా నహీ చలేగా. ఇనుమైతే గుడిగంట లాగ మోగుతాది."

"నా అతుకులోంచి నీటి సుక్క కారదమ్మా!"

"నీళ్లు కాదు అంకుల్, గాలి! మందం చెక్కతో చెయ్యండి. లోపల నలభై లీటర్ల గాలి ఉండాలి. తగ్గిందో, గొంతు నొక్కీసినట్టుంటాది."

నలభై, నలభై, ఇరవై ఐదు సెంటీమీటర్లని చీటీ రాసిచ్చింది.

వారం రోజులు కోశాడు, జిగురు పెట్టాడు, మరలు బిగించాడు. చెక్క పొట్టు కూరలో కూడా పడింది. పెట్టెకి పైన తొడగడానికి గుడ్డ తెస్తానని ఆయన వెళ్లినప్పుడు నేను దాని ముందు కూర్చున్నాను. లీటరన్న మాట నాకు కొత్త కాదు. నేను బియ్యం కొలిచేది లీటరు మగ్గుతోనే. కొత్త బస్తా విప్పి, స్పీకరు కూర్చునే గుండ్రటి కంతలోంచి ఒక్కో మగ్గూ పోశాను. మూలలకి చేత్తో సర్దాను. ఇరవై ఎనిమిది మగ్గులకి నిండిపోయింది. తీసి మళ్లీ పోశాను. మళ్లీ అంతే.

చెప్పకుండా ఊరుకుంటే స్పీకరు గొంతు నొక్కినట్టు మోగేది, కారు వెళ్లిపోయేది. చెప్తే కారు ఇంకొన్నాళ్లు ఉంటుంది. స్పీకరు కోసం చెప్పానో, కారు కోసం చెప్పానో, నాకే తెలీదు.

"ఏటే దాలమ్మా, నా పెట్టెలో బియ్యం పోత్తన్నావేటి! మతుందా?" అంటూ ఆయన గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"ఇరవై ఎనిమిదే పట్టినాయి మావా."

"నీ మగ్గు తప్పు."

"ఇన్నేళ్లూ నీ కూడు ఈ మగ్గుతోనే వొండినాను. అప్పుడు తప్పవలేదేటి?"

కోపంగా టేపు తీశాడు. బయట పెట్టి చూస్తే నలభై. బియ్యం దులిపి లోపల పెట్టి చూస్తే ముప్పై ఆరు చిల్లర. టేపు చుట్టి పక్కన పెట్టాడు.

"రేకుకయితే బయటా లోపలా ఒకటే లెక్క," అన్నాడు మెల్లిగా. "సెక్క మందం మర్సిపోనాను. బయట కొలత పెట్టీసినాను. పిల్లోడుంటే ఎంత నవ్వీసీవోడో."

తనే కాస్త నవ్వాడు. అంతలోనే లేచి సత్యప్రసాద్‌కి ఫోను చేశాడు.

"ఈ ఆదివారం అవదు బాబూ. మళ్లీ కొయ్యాల... ఎప్పుడంటే ఏటి సెప్పను, సెక్క దొరకాల గదా... రేపొచ్చి సూత్తావా? రా, రా."

ఆయన వీపు వెనకే గోడకి ఆనించి కొత్త చెక్క నిలువెత్తున ఉంది. నేను చూశానని ఆయన చూశాడు. చెక్కని ఎత్తి లోపలి గదిలో మంచం వెనక పెట్టి వచ్చాడు.

సాయంత్రం రోజూలాగే చీపురు తీశాను. వరండా అంతా పొట్టు, అందులో బియ్యపు గింజలు. పొద్దున సత్యప్రసాద్ వస్తాడు. పని ఇంకా అవలేదని అతనికి కనిపించాలి. చీపురు మూల పెట్టేసి లోపలికి వచ్చేశాను.