అంగారకుడి మీద దొంగ గుర్తు

నాకు మొదటి నుంచీ అనుమానం ఎక్కువ. పాలాయన చెంబు వంచే తీరు చూసే నీళ్లెన్ని కలిపాడో చెప్పగలనని ఇంట్లో గొప్పలు పోయేదాన్ని. అలాంటి దాన్ని తీసుకొచ్చి అనుమానించడమే పనిగా ఉన్న చోట కూర్చోబెట్టారు. హనుమకొండలో మా సార్ దగ్గర నా పరిశోధన. అంగారక గ్రహం మీద ఒకప్పుడు లావా కక్కిన నోళ్లను, అంటే అగ్నిబిలాలను, ఫొటోల్లో వెతికి మ్యాపు మీద గుర్తు పెట్టాలి. కనిపించిన ప్రతి గుంటా అగ్నిబిలం కాదు. చాలావరకు ఉల్కలు పడి ఏర్పడిన గుంటలే. చుట్టూ నేల మెల్లగా లేచి ఉందా, లావా పారిన జాడ ఉందా అని చూసి ఖాయం, కావచ్చు, కాదు అని మూడు రకాలుగా విడదీయాలి.

ఒక్కరి చూపును నమ్మకూడదు కాబట్టి అవే ఫొటోల ముక్కలు అతికించి అచ్చు వేసిన షీట్లను ఇద్దరం వేర్వేరుగా చూసేవాళ్లం. రెండో మనిషి పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. పీహెచ్‌డీ కోసం ఒక్క ఏడాది సెలవు పెట్టింది. ఆలోగా మ్యాపు పూర్తి కాకపోతే చదువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి ఆమే నాతో చెప్పింది. ఒక షీటు ఇద్దరం పూర్తి చేసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదన్నది సార్ పెట్టిన నియమం.

మొదటి పది షీట్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా గుర్తులూ ఆమె గుర్తులూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. సార్ సంతోషపడ్డారు. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నేను పట్టినవన్నీ, బస్సులో ఒళ్లో కాగితాలు పెట్టుకుని చూసే మనిషికి ఎలా దొరికాయి? ఆ రోజు నుంచి ఆమె ఏం చేసినా నాకు మరోలా కనిపించింది. నాకంటే ముందు వస్తే నా షీట్లున్న బీరువా తెరవడానికే అనుకున్నాను. ఆలస్యంగా వస్తే నిన్ననే చూసేసుకుందిలే అనుకున్నాను. నా కోసం సకినాలు తెచ్చిన రోజు అనుమానం రెట్టింపయింది.

మేడారం జాతరకు బస్సులన్నీ అటే మళ్లించారు. రావడం కష్టమని అక్క ఆ వారం పని ఇంటికి తీసుకుపోతానంది. వెళ్లే ముందు రోజు సాయంత్రం గది తాళాలు ఆమె దగ్గరే ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం నా షీటులో ఒక దొంగ గుర్తు పెట్టాను. ఫొటో అంచున ఒక దిబ్బ ఉంది. గుంట అన్నదే లేకుండా ఉబ్బెత్తుగా ఉన్న దిబ్బ. దాని మీద ‘ఖాయం’ అని రాసి, షీటును బీరువాలో అన్నిటికంటే పైన పెట్టాను. ఆ వారమంతా నాకు సరిగ్గా అన్నం సయించలేదు.

జాతర అయ్యాక అక్క వచ్చింది. అమ్మవార్ల బంగారం అంటూ మేడారం బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. అది నములుతూనే ఆమె షీటు విప్పాను. దిబ్బ మీద గుర్తుంది. ‘ఖాయం’ అనే ఉంది. ఆ దగ్గర్లో నా షీటులో లేని గుర్తులు ఇంకో రెండు ఉన్నాయి. అవి కప్పిపుచ్చుకోవడానికి పెట్టినవని తేల్చేసుకున్నాను. దొంగ దొరికిందని నాకెంత సంతోషం వేసిందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సార్‌కు అంతా చెప్పాను. ఎర వేసిన సంగతి ఇంకాస్త గొప్పగా చెప్పాను. కాపీ కొట్టిన మాట నిజమైతే ఆమె షీట్లన్నీ తీసేయాల్సిందేనని, ఏడాది పని పోయినట్టేనని ఆయన అన్నారు. అక్కను పిలిచి, ఆ దిబ్బ మీద వేలు పెట్టి, ఇందులో గుంట ఎక్కడుందో చూపించమన్నారు.

అక్క ఫొటోను బల్ల మీద పరిచి తలకిందులుగా తిప్పింది.

దిబ్బ లోపలికి దిగిపోయింది. అప్పటిదాకా ఉబ్బి ఉన్నది ఇప్పుడు లోతైన గుంట. చుట్టూ నేల మెల్లగా లేచి ఉంది, ఒక పక్కన లావా పారిన జాడ కూడా ఉంది. షీటులో అతికించిన వాటిలో ఆ అంచు ముక్క ఒక్కటే వేరే వేళలో తీసిన ఫొటో. అందులో ఎండ కింది వైపు నుంచి పడుతోంది. వెలుగు పై నుంచే వస్తుందని మన కళ్లకు అలవాటు కాబట్టి, అలాంటి ఫొటోలో గుంట దిబ్బలా కనిపిస్తుంది. ఇది మేం మొదటి వారంలోనే నేర్చుకున్న పాఠం. జూనియర్లకు నేనే చెప్పేదాన్ని. ఆమె పెట్టిన మిగతా రెండు గుర్తుల దగ్గరా గుంటలే ఉన్నాయి.

“మా అమ్మ చాటల బియ్యం ఏరేటప్పుడు ఒక్క దిక్కు నుంచే చూడది సార్, తిప్పి తిప్పి చూస్తది. నేను గూడ కాయితం నాలుగు దిక్కుల తిప్పినంకనే గుర్తు పెడ్త,” అంది అక్క.

సార్ ఆమె షీట్లకు ఏ ఢోకా లేదన్నారు. ఆ ముక్కలో నేను పెట్టిన సరైన గుర్తు, తప్పనుకుని పెట్టిన ఆ ఒక్కటేనని నాతో అన్నారు. నా షీట్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూడమన్నారు. నాకు తల ఎత్తాలనిపించలేదు. బయటికి వచ్చాక తప్పయిపోయిందన్నాను.

“అనుమానముంటే నన్నే అడగకపోతివా చెల్లె,” అంది అక్క. “ఎట్ల చూసిన్నో నేనే సూపెడుదును.”

ఫికర్ చేయొద్దని కూడా తనే అంది. మర్నాడు ఎప్పటిలాగే వచ్చి, బాగున్నావా అని పలకరించి, నా ఎదురుగానే కూర్చుంది. నా గుండె బరువు సగం దిగింది. గంట తర్వాత నీళ్లు తాగడానికి లేచింది. బల్ల మీది కాగితాలన్నీ పోగు చేసి సంచిలో పెట్టుకుని, ఆ సంచి భుజాన వేసుకుని వెళ్లింది. నీళ్ల క్యాను మా బల్లకు నాలుగడుగుల దూరంలోనే ఉంది.