నా చేతికే చిట్లిన గాజులు

దయ్యాలు మా సిలబస్‌లో లేవు. నందిగామ హైస్కూల్లో పద్నాలుగేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. దిష్టి తగిలిందని ఎవరైనా అంటే, ముందు కళ్ళ డాక్టర్ని కలవమనే రకాన్ని. ఇది చదివితే నా విద్యార్థులే నాకు సున్నా వేస్తారు.

నాకు మూడుసార్లు గర్భం నిలవలేదు. మూడోసారి తర్వాత విజయవాడ డాక్టరుగారు ఇమ్యూనిటీకి సంబంధించిన రక్తపరీక్షలు రాశారు. తేడా కనిపించింది గానీ, పన్నెండు వారాలాగి మళ్ళీ చేస్తేనే ఖాయంగా చెప్పగలమన్నారు. ఊరందరి పిల్లలకూ పరీక్షలు పెట్టేదాన్ని, నా ఫలితాల కోసం వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యలోనే జగ్గయ్యపేటలో మా తోడికోడలు లావణ్య సీమంతం వచ్చింది. పెళ్ళయి ఏడాది తిరిగేసరికి ఆమెకు ఏడో నెల. తోడికోడలన్న మాటలో తోడు ఉంది గానీ, ఆరోజు నాలో లేదు. లావణ్య పిన్నిగారు చూపించిన వెనక వరస కుర్చీలో కూర్చున్నాను.

గాజులాయన లావణ్య రెండు చేతులకూ ఆకుపచ్చ మట్టిగాజులు నిండుగా తొడిగాడు. మా అత్తగారు నన్నూ వదల్లేదు.

"నువ్వూ తొడిగించుకో అమ్మాయ్. దాని చలవ నీకూ తగులుద్ది."

ఎడమచేతికి వాచీ ఉందని సాకు చెప్పి, కుడిచేతికి మాత్రం మూడు వేయించుకుని వెనక్కొచ్చాను.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. దేనికీ తగల్లేదు, ఇది ముఖ్యం. ఎవరో లావణ్య పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ తన్నిందని నవ్వారు. ఆమె గాజుల్లో ఒక్కటైనా చిట్లితే బాగుండుననుకున్నాను. సిగ్గులేకుండా, స్పష్టంగా అనుకున్నాను.

టప్పుమంది. చిట్లింది నా చేతి గాజు.

లావణ్య ఒడిలో పళ్ళు పోస్తుంటే మళ్ళీ అదే ఆలోచన వచ్చింది. రెండోది చిట్లింది. మా మరిది ఆమె జడలో పూలు సర్దుతుంటే మూడోది. మణికట్టు మీద సన్నగా రక్తం.

అది ముందు చూసింది లావణ్యే. పీట మీంచి లేచి, పొట్ట పట్టుకుని నా దగ్గరకొచ్చింది. కాన్పయ్యేదాకా తీయకూడని గాజుల్లోంచి మూడు లాగి నా చేతికి ఎక్కించింది. అత్తగారు వద్దంటూనే ఉన్నారు.

"నీ చూపు తగులుద్దని మా పిన్ని నిన్ను వెనక కూర్చోబెట్టిందంట. వచ్చి నా ముందు కూర్చో అక్కా."

తిరుగు బస్సు చిల్లకల్లు దాటేదాకా ఆ చెయ్యి కొంగులో దాచుకున్నాను.

ఇంటికొచ్చాక ప్రయోగం చేశాను. అలాంటి గాజులే కొని ఎడమచేతికి వేసుకుని, లావణ్యను తలచుకుంటూ పావుగంట మనస్ఫూర్తిగా కుళ్ళుకున్నాను. ఆ పనిలో నాకు మంచి ప్రావీణ్యం ఉంది. అయినా ఒక్కటీ చిట్లలేదు.

రెండో రిపోర్టు చూసి డాక్టరుగారు అన్నారు: "శత్రువుల మీదికి వెళ్ళాల్సిన యాంటీబాడీలు మీ మీదికే తిరుగుతున్నాయమ్మా."

నేను నా మణికట్టు వైపు చూసుకున్నాను.

లావణ్యకు పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఇప్పుడు నాకు ఐదో నెల. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకు ఇంజెక్షన్ చేసుకుంటున్నాను. అసూయ పోయిందని అబద్ధం చెప్పను. పాప ఫోటో వస్తే సాయంత్రం దాకా తెరవను.

లావణ్య తొడిగిన మూడు గాజులూ అంట్ల గిన్నెలకు తగిలాయి, బస్సు కమ్మీకి కొట్టుకున్నాయి. చిట్లలేదు. ఎందుకని అడిగితే, అదీ మా సిలబస్‌లో లేదు. పడుకునేటప్పుడు మాత్రం, అవి ఒత్తుకుని చిట్లకుండా కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుంటున్నాను.